రోడ్ బైక్ తొక్కేవాళ్లు మొదటి ఎంటీబీ (మౌంటెన్ బైక్) కొనేముందు ఇది చూడండి

హాయ్ అండీ, ఎలా ఉన్నారు అందరూ. నా వెనక మట్టి కొట్టుకుపోయి నిలబడి ఉంది చూడండి, అదే నా మొదటి మౌంటెన్ బైక్, అంటే కొండ దారుల సైకిల్, హార్డ్‌టెయిల్, అంటే సస్పెన్షన్ ముందు మాత్రమే ఉంటుంది, 120 మిల్లీమీటర్ల ట్రావెల్ (అంటే ఆ సస్పెన్షన్ దిగగలిగే దూరం), 29 అంగుళాల చక్రాలు. తీసుకుని ఆరు నెలలైంది. అంతకుముందు ఏళ్లకేళ్లు రోడ్ బైకే, అందుకే రోడ్ వాళ్లం ఎక్కడ బోల్తా పడతామో నాకు బాగా తెలుసు, నేను అన్నిచోట్లా పడ్డాను కాబట్టి.

షాప్‌లోకి వెళ్లగానే నేను చేసిన మొదటి పని ఏంటంటే బండిని ఒంటి చేత్తో ఎత్తి చూడటం. మనకి అలవాటు కదా, ఎనిమిది కిలోల బండి మీద తిరిగినవాళ్లం, ఇది పద్నాలుగు కిలోలుంది, నాకు గుండె ఆగినంత పనైంది. కానీ రాళ్ల మీద దిగేటప్పుడు ఒక ఎంటీబీకీ ఇంకోదానికీ ఉండే కిలో అరకిలో తేడా గుర్తుకే రాదండీ, అక్కడ మిమ్మల్ని కాపాడేవి ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ కాళ్లు), టైర్లు, బ్రేకులు. తూకం ఒక్కటే చూసుకుని స్ప్రింగ్ ఫోర్క్ ఉన్న బండి మాత్రం తీసుకోకండి. ఎయిర్ ఫోర్క్ అయితే మీ బరువుకి తగ్గట్టు గాలి పెట్టుకోవచ్చు, హెల్మెట్, బ్యాగు అన్నీ వేసుకుని బండెక్కి నిలబడితే ట్రావెల్‌లో 20 నుంచి 25 శాతం దిగాలి, నా 120కి అది 24 నుంచి 30 మిల్లీమీటర్లు. దిగిన ఫోర్క్ ఎంత వేగంగా పైకి రావాలో సెట్ చేసే రీబౌండ్ నాబ్ ఉందా, చక్రానికి త్రూ యాక్సిల్ (హబ్ గుండా దూరి ఫ్రేమ్‌కో ఫోర్క్‌కో బిగుసుకునే లావు ఇరుసు) ఉందా అన్నది కూడా చూడండి.

ఇక టైర్ ప్రెషర్, ఇదైతే నవ్వొస్తుంది. మొదటి రోజు పాత అలవాటు కొద్దీ 50 పీఎస్ఐ కొట్టేసి వెళ్లాను, రోడ్ బైక్‌కి అంతకన్నా ఎక్కువే పెట్టేవాడిని కదా, ఇది తక్కువేలే అనుకున్నాను, కంకర మీద మొదటి మలుపులోనే ముందు చక్రం జారి మోచెయ్యి గీరుకుపోయింది. ఇప్పుడు 2.4 అంగుళాల టైర్లు, ట్యూబ్‌లెస్, ముందు 22 వెనక 25, నేను డెబ్బై కిలోలుంటాను. టైరు నేలని పట్టుకోవడం అంటే ఏంటో అప్పుడు తెలిసింది.

సైజ్ దగ్గర రోడ్ బైక్ నంబర్ మర్చిపోండి. ఇక్కడ ఎక్కువసేపు నిలబడే తొక్కుతాం, అందుకే రీచ్ అనే కొలత చూడాలి, అంటే పెడల్స్ తిరిగే ఇరుసు నుంచి ముందు హ్యాండిల్ తిరిగే గొట్టం పైభాగం దాకా అడ్డంగా ఉండే దూరం. హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే స్టెమ్ పొట్టిగా, హ్యాండిల్‌బార్ 760, 780 మిల్లీమీటర్ల వెడల్పుతో ఉంటాయి, మొదట్లో గేదె కొమ్ములు పట్టుకున్నట్టే ఉంటుంది, వారంలో అలవాటైపోతుంది. డ్రాపర్ పోస్ట్ ఉంటే వదలకండి, దిగుడు రాగానే బటన్ నొక్కి సీటు మీద బరువు వేస్తే అది కిందికి పోతుంది, నేను లేకుండా కొన్నాను, తర్వాత వేయించాను, ఆ రోజే ఎందుకు తీసుకోలేదా అని ఇప్పటికీ తిట్టుకుంటున్నా.

గేర్ల గురించి పెద్దగా లేదు. ముందు, అంటే పెడల్స్ దగ్గర, ఒకటే పళ్ల చక్రం (చైన్‌రింగ్), 32 పళ్లు, వెనక 10 నుంచి 51 దాకా, గోడ లాంటి ఎత్తు కూడా కూర్చునే ఎక్కేయొచ్చు. తారు రోడ్డు మీద మాత్రం స్పీడ్‌కి కాళ్లు గిరగిరా తిరిగి తర్వాత ఇంకేం ఉండదు, దాని పని అది కాదు కదా.

ఫుల్ సస్పెన్షన్, అంటే వెనక కూడా సస్పెన్షన్ ఉన్నది, తీసుకోవాలా అంటారా, అదే డబ్బుకి హార్డ్‌టెయిల్‌లో మంచి ఫోర్క్, మంచి బ్రేకులు వస్తాయి, నా ఓటు దానికే. పైగా వెనక షాక్ ఉండదు, ఫ్రేమ్ కదిలే కీళ్లు, అదే పివోట్‌లు, ఉండవు, సర్వీస్ తలనొప్పి తక్కువ. మీ దారులన్నీ పెద్ద బండలు, దూకుళ్లే అయితే అది వేరే సంగతి.

పెడల్స్ ఫ్లాట్‌వి పెట్టుకోండి ముందు, పెడల్‌కి బిగుసుకునే మన మూడు బోల్టుల రోడ్ బూట్లతో బురదలో నడవలేరు. అలాగే ఫోర్క్‌కి గాలి పెట్టే షాక్ పంపు వేరే కొనాలి, టైర్ పంపుతో ఫోర్క్‌కి గాలి పెట్టకండి, ఫోర్క్‌లో పట్టే గాలే కొంచెం, కొలత చెడిపోతుంది. ఆగండి, ఆ పంపు ఇక్కడే ఉండాలి, తీసి చూపిస్తా.