ప్రీమెడ్ ఫస్ట్ సెమిస్టర్: మూడు ల్యాబులు మాత్రం వద్దు

నమస్కారం అండీ. పోయిన వారం న్యూజెర్సీ నుంచి ఒక అమ్మగారు మెసేజ్ పెట్టారు. "మా అమ్మాయి ఆగస్టు చివర్లో కాలేజీలో చేరుతోంది. డాక్టర్ అవ్వాలని చిన్నప్పటి నుంచీ దాని పట్టుదల. హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కెమిస్ట్రీలో అన్నిటికంటే పై స్కోరు 5 తెచ్చుకుంది. బయాలజీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ మూడూ ఫస్ట్ సెమిస్టర్‌లోనే పెట్టేస్తే బరువు దిగిపోతుందని వాళ్ళ నాన్న అంటున్నారు. సోమవారం రిజిస్ట్రేషన్. మీరేమంటారు?"

వద్దండీ. దయచేసి అలా చేయకండి.

వాళ్ళ నాన్నగారికి ఆ ఆలోచన ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. మా నాన్న కూడా నాకు అదే చెప్పారు. ఆయన తెనాలిలో బైపీసీ చదివారు. బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ నాలుగూ రెండేళ్ళు కలిసే నడిచేవి. చివర్లో ఎంసెట్. మధ్యలో ఏదో స్లిప్ టెస్టులో మార్కులు పోయినా ఎంసెట్ రోజు బాగా రాస్తే చాలు. ఇప్పుడు ఎంసెట్ బదులు నీట్ వచ్చింది గానీ, ఒక్క పరీక్షే దారి తేల్చడం మారలేదు. అమెరికాలో అలా కుదరదు. ఇక్కడ ముందు కాలేజీ చదివి, ఆ తర్వాతే మెడికల్ స్కూల్‌కి వెళ్ళాలి. ఆ ముందు చదువునే ప్రీమెడ్ అంటారు. అక్టోబర్‌లో రాసిన మిడ్‌టర్మ్ కోర్సు గ్రేడులో కలుస్తుంది, గ్రేడు జీపీఏలో, అంటే 4కి లెక్కగట్టే గ్రేడుల సగటులో కలుస్తుంది, ఆ జీపీఏ మెడికల్ స్కూల్ అప్లికేషన్ దాకా వెంట వస్తుంది.

నేను నాన్న మాట విని 18 క్రెడిట్లు పెట్టుకున్నాను. క్రెడిట్ అంటే ఒక్కో కోర్సుకి కాలేజీ ఇచ్చే బరువు. ల్యాబులతో సహా బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, వాటి మీద క్యాలిక్యులస్, ఒక చిన్న సెమినార్. కాగితం మీద చూస్తే ల్యాబ్ ఒక్క క్రెడిటే. కానీ అక్కడ వారానికి మూడు గంటలు నిలబడి పని చేయాలి, ఆ తర్వాత రిపోర్టు రాయడానికి ఇంకో సాయంత్రం పోతుంది. మూడు ల్యాబులకు మూడు మధ్యాహ్నాలు, మూడు సాయంత్రాలు. ఒకే వారంలో మూడు మిడ్‌టర్మ్‌లు వచ్చాయి. కెమిస్ట్రీలో 58. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చాను. డిసెంబర్‌లో సి ప్లస్ వచ్చింది. అదే కోర్సు మళ్ళీ చదివి ఏ తెచ్చుకున్నాను. అయినా పాత గ్రేడు పోలేదు. ఎండీ స్కూళ్ళలో, అంటే డాక్టర్ కావడానికి ఎండీ డిగ్రీ ఇచ్చే మెడికల్ స్కూళ్ళలో, ఎక్కువ వాటికి అప్లికేషన్ వెళ్ళేది యామ్‌కాస్ అనే ఉమ్మడి అప్లికేషన్ సర్వీసు ద్వారా. అది రెండు గ్రేడులనూ లెక్కలోకి తీసుకుంటుంది. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కలిపి సైన్స్ జీపీఏ విడిగా కూడా వేస్తుంది. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో తీసుకున్న కోర్సుల గ్రేడులు కూడా ఇందులోకే వస్తాయి. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

ఒక చిన్న లెక్క చెప్తాను. మూడేళ్ళు పూర్తయి అప్లై చేసేటప్పటికి సుమారు 90 క్రెడిట్లు ఉంటాయి. ఫస్ట్ సెమిస్టర్ 15 క్రెడిట్లలో 2.5 వచ్చిందనుకోండి. మిగతా 75 క్రెడిట్లలోనూ 3.8 తెచ్చుకున్నా మొత్తం 3.58 దగ్గరే ఆగుతుంది. ఎండీ స్కూళ్ళలో సీటు వచ్చినవాళ్ళ సగటు ఈమధ్య 3.7 దాటి ఉంటోంది. ఒక్క సెమిస్టర్ తొందరపాటుకి అంత ఖరీదు.

మరి ఏదీ తీసుకోకుండా కూర్చోవాలా అంటే, అదీ కాదు. కెమిస్ట్రీ మాత్రం ఆగకూడదు. జనరల్ కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లు, ఆ తర్వాత ఆర్గానిక్ రెండు, దాని తర్వాత బయోకెమిస్ట్రీ. ఒకటి పూర్తయితే గానీ ఇంకోటి ఇవ్వరు. చాలా కాలేజీల్లో ఈ వరస మొదలయ్యేది ఫాల్‌లోనే, అంటే ఆగస్టు చివర్లో మొదలయ్యే సెమిస్టర్‌లోనే. ఫస్ట్ సెమిస్టర్ తప్పిపోతే ఒక్కోసారి ఏడాది వెనక్కి పోతుంది, మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ కూడా దానితోపాటే. ఫిజిక్స్‌కి ఈ ఇబ్బంది లేదు, మూడో ఏడాది పెట్టుకోవచ్చు. బయాలజీ మేజర్ (డిగ్రీలో ముఖ్య సబ్జెక్టు) అయితే బయాలజీ కూడా మొదటి నుంచే తప్పదు, అప్పుడు రెండు ల్యాబులు. అంతకు మించి వద్దు. అన్నట్టు, ప్రీమెడ్ అంటే బైపీసీ లాంటి గ్రూపు కాదు. మేజర్ హిస్టరీ అయినా, మ్యూజిక్ అయినా కావలసిన సైన్స్ కోర్సులు పూర్తి చేస్తే అప్లై చేయొచ్చు.

ఇక ఆ 5 సంగతి. ఆ స్కోరుకి చాలా కాలేజీలు క్రెడిట్ ఇచ్చి మొదటి కోర్సు దాటేయనిస్తాయి. క్యాలిక్యులస్‌లో వచ్చిన 5 అయితే నిశ్చింతగా క్రెడిట్ వాడుకోమంటాను. కెమిస్ట్రీ దగ్గర మాత్రం ఆలోచించాలి. కొన్ని మెడికల్ స్కూళ్ళు హైస్కూల్ క్రెడిట్‌ని ఒప్పుకోవు, కొన్ని దాని బదులు పై స్థాయి కోర్సు అడుగుతాయి. మీ రాష్ట్రంలోని మెడికల్ స్కూళ్ళ వెబ్‌సైట్లు ఈ శని, ఆదివారాల్లోనే చూడండి. పైగా ఆర్గానిక్ క్లాసులో కూర్చునేది ఎక్కువగా రెండో ఏడాది పిల్లలు. వాళ్ళకి కాలేజీలో ఎలా చదవాలో అప్పటికే తెలుసు. మీ అమ్మాయికి అప్పటికి హాస్టల్ గది కూడా అలవాటు కాదు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇంకొకటుంది. మన ఇళ్ళలో ఇంగ్లీషు, సైకాలజీ లాంటివి ఉత్త కాలక్షేపం కోర్సులు. ఎంక్యాట్‌లో నాలుగు భాగాలు, ఒక్కో దానికి గరిష్ఠంగా 132, మొత్తం 528. అందులో ఒక భాగం సైకాలజీ, సోషియాలజీ. ఇంకో భాగంలో 53 ప్రశ్నలు, ఒక్క సైన్స్ ప్రశ్న ఉండదు. ఎప్పుడూ చూడని పేరాలు చదివి, రాసినవాళ్ళ ఉద్దేశం పట్టుకోవాలి. మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే అని నేను ట్యూషన్ చెప్పిన రోజుల్లో చూశాను. ఆ చదివే అలవాటు మూడు నెలల కోచింగ్‌తో రాదు. 1893లో జాన్స్ హాప్కిన్స్ మెడికల్ స్కూల్ తెరిచినప్పుడు చేరేవాళ్ళకి సైన్సులతోపాటు ఫ్రెంచ్, జర్మన్ చదవడం కూడా వచ్చి ఉండాలన్నారు. చదవడం రాని డాక్టరు వద్దని అప్పుడే అనుకున్నారు.

హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా మీద ఉన్న పిల్లలకు ఒక మాట. 21 నిండితే హెచ్4 పోతుంది, చాలామంది స్టూడెంట్ వీసా ఎఫ్1కి మారతారు. సిటిజన్లను, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళను మాత్రమే తీసుకునే మెడికల్ స్కూళ్ళే ఎక్కువ. అందుకని మెడిసిన్ కుదరకపోయినా ఉద్యోగానికి పనికొచ్చే మేజర్‌కి కావలసిన కోర్సు ఒకటి మొదటి సెమిస్టర్ నుంచే ఉంచుకోండి.

అమ్మగారూ, మీ అమ్మాయి బయాలజీ మేజర్ కాకపోతే నేనైతే ఇలా పెడతాను. ల్యాబ్‌తో జనరల్ కెమిస్ట్రీ 4 క్రెడిట్లు, స్టాటిస్టిక్స్ 3, రైటింగ్ క్లాసు 3, సైకాలజీ 3, తనకి ఇష్టమైనది ఇంకో 3. మొత్తం 16. ఒకటి మరీ కష్టమై వదిలేసినా ఫుల్‌టైమ్ హోదాకి కావలసిన 12కి తగ్గదు, ఆ హోదా పోదు. మొదటి ఒకటి రెండు వారాల్లో వదిలేస్తే సాధారణంగా ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఏమీ కనపడదు, ఆ తర్వాత అయితే మధ్యలో మానేసినట్టు డబ్ల్యూ (విత్‌డ్రా) పడుతుంది. ఆ ఆఖరు తేదీని కాలేజీ క్యాలెండర్‌లో చూసి ఇప్పుడే ఫోన్లో పెట్టుకోమనండి. ఆ ఇష్టమైన 3 క్రెడిట్లు ఏవో మాత్రం మీరూ నాన్నగారూ చెప్పకండి, అమ్మాయినే ఎంచుకోనివ్వండి.