అంగడి ఎవరి పేరున?

అందరికీ నమస్కారం. ప్రొద్దుటూరు వర్తకులకు వ్యాపారం గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అందుకని ఆ జోలికి పోను. మీ తర్వాత అంగడి ఏమవుతుందన్నదే ఈ రోజు నా మాట.

ఒకప్పుడు ఈ ఊళ్లో బంగారం కొనేవాళ్లు నగ కంటే ముందు అంగడి పేరు చూసేవారు. ఫలానా శెట్టిగారి దగ్గర చేయించామంటే, ఇరవై ఏళ్ల తర్వాత మార్చుకోబోయినా పేచీ ఉండదని ధీమా. తరుగెంత తీస్తారు, పాత నగ ఏ రేటుకు తీసుకుంటారు, అంతా నోటిమాటే. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన అసలు ఆస్తి ఆ మాటే. 2021 జూన్ నుంచి హాల్‌మార్క్ దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగకు హెచ్‌యూఐడీ అనే ఆరక్షరాల కోడ్ ఉండాల్సిందే. స్వచ్ఛతకు పూచీ ఇప్పుడు దానిది. ఆ ఒక్క విషయంలో నిన్న తెరిచిన షోరూమూ, మూడు తరాల అంగడీ సమానమే.

కొనేవాళ్లతో మన మాట అలా రాతలోకి వచ్చేసింది. ఇంట్లో మాట మాత్రం ఇంకా నోటి మీదే నడుస్తోంది.

ధీరూభాయ్ అంబానీ 2002లో వీలునామా లేకుండానే పోయారు. అన్నదమ్ముల తగవు వీధికెక్కి, 2005లో తల్లి మధ్యవర్తిగా కూర్చుని పంచాల్సి వచ్చింది. గోద్రెజ్ వాళ్లది 1897 నాటి వ్యాపారం. 2024లో వాళ్లూ విడిపోయారు, కానీ ఒప్పందం రాసుకుని, రచ్చ లేకుండా. విడిపోవడం తప్పని నేననను.

ఇక్కడ అన్నదమ్ములే భాగస్థులుగా ఉన్న అంగళ్లు చాలా. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం ఒకరు పోగానే ఫర్మ్ రద్దవుతుంది. ఉన్నది ఇద్దరే అయితే చిక్కు ఇంకా పెద్దది, ఒక్కడితో భాగస్వామ్యం నిలవదు. గుడ్‌విల్, అంటే అంగడి మంచిపేరుకున్న విలువ, ఎవరిది? బోర్డు మీద పేరు ఎవరు పెట్టుకోవాలి? బయటున్న అరువులు ఎవరు వసూలు చేసుకోవాలి? పెద్దకర్మ కూడా కాకముందే టెన్షన్ మొదలవుతుంది.

ఆడపిల్లల సంగతి ఎత్తితే కొందరికి నచ్చదు, అయినా ఎత్తుతా. మన రాష్ట్రం 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కిచ్చింది. 2005లో కేంద్రం తెచ్చిన సవరణతో పెళ్లయిందా లేదా అన్న తేడా కూడా పోయింది. 'పెళ్లికి బంగారం పెట్టాం కదా' అంటే ఆ హక్కు తీరిపోదు. పైగా బిల్లింగూ జీఎస్టీ లెక్కలూ కూతురో కోడలో చూసుకుంటున్న అంగళ్లు ఉన్నాయి. పని తెలిసిన ఆ మనిషిని పక్కనపెట్టి, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ దసరాకు మాత్రం వచ్చే కొడుకు కోసం గల్లా దగ్గర కుర్చీ అట్టిపెట్టడం ఏం లెక్కో నాకర్థం కాదు.

ఇంటికి వెళ్లి భాగస్వామ్య పత్రం బయటికి తీయండి. మరణం, గుడ్‌విల్ గురించి అందులో ఏం రాసుందో చూడండి. వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రాశాక ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. ఎవరైనా అలిగితే అలగనివ్వండి.

ఇక ప్రశ్నలడగండి. ఆడిటర్లు కూడా ఇక్కడే ఉన్నారు.