ఎలుకకి తగ్గింది సరే, అది ఏ ఎలుక?

నమస్కారమండీ. అగనంపూడిలో క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర బస్సు కోసం నిలబడితే, ఒక పెద్దావిడ ఫోన్‌లో వార్త చూపించి అడిగారు: "బాబూ, ఎలుకకి క్యాన్సర్ తగ్గిపోనాదంట. మరి మా ఆయనకెప్పుడు?" జవాబు చెప్పేలోపే ఆవిడ బస్సు వచ్చేసింది. ఆ జవాబే ఈ వీడియో.

మనిషి కణాలను మామూలు ఎలుకలో పెడితే దాని ఒళ్లు ఒప్పుకోదు, చంపేస్తుంది. అందుకే రోగనిరోధక శక్తి దాదాపు లేకుండా పుట్టిన చిట్టెలుకలను వాడతారు. 1994లో టొరంటోలో జాన్ డిక్ బృందం రక్త క్యాన్సర్ రోగుల కణాలను అలాంటి ఎలుకల్లోకి ఎక్కించింది. జబ్బు మొదలుపెట్టినవి ఆ కణాల్లో ఏ కొన్నో. 2003లో మిచిగన్‌లో మైకేల్ క్లార్క్ బృందం రొమ్ము క్యాన్సర్‌లో చూసింది ఇంకా ఆశ్చర్యం. ఒక రకం కణాలు 100 పెడితే చాలు, గడ్డ వచ్చింది. మిగతావి వేలకు వేలు పెట్టినా రాలేదు. ఆ గడ్డలోంచి అదే రకం కణాలు తీసి ఇంకో ఎలుకలో పెడితే మళ్లీ మొలిచింది. వీటినే క్యాన్సర్ మూలకణాలు అంటున్నారు.

పొలంలో తుంగ పీకినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. పైన ఎంత కోసినా, నేలలో గడ్డ ఉంటే మళ్లీ లేస్తుంది. కీమోతో కరిగిపోయిన గడ్డ కొందరిలో ఎందుకు తిరిగొస్తుందో ఈ లెక్కన ఆలోచించవచ్చు.

కానీ 2008లో షాన్ మారిసన్ బృందం మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌తో పెద్ద మెలిక పెట్టింది. అప్పటిదాకా వాడే ఎలుకల్లో సుమారు పది లక్షల కణాల్లో ఒకటే గడ్డ కట్టేది. నిరోధక శక్తి ఇంకా తక్కువున్న ఎలుకలు తీసుకుని, పద్ధతి కొంచెం మార్చి, ఎక్కువ కాలం చూస్తే, నాలుగింట ఒకటి కట్టింది! కణాలు అవే. ఎలుకా పద్ధతీ మారాయి, అంతే లెక్క తిరగబడింది. నన్ను నిద్రపోనివ్వని ప్రయోగం ఇది.

అలాగని మూలకణాల మాట కొట్టిపారేయలేం. 2012లో ఎలుకల సొంత గడ్డల్లోనే, ఎక్కడికీ మార్చకుండా, కణాలకు గుర్తు పెట్టి వెంబడిస్తే మెదడు, చర్మం, పేగు గడ్డల్లో అలాంటి కణాలు కనబడ్డాయి.

ఇంకొకటి. నిరోధక శక్తే లేని ఎలుకలో, ఆ శక్తిని లేపే ఇమ్యునోథెరపీ మందు ఎలా పనిచేస్తుందో తెలీదు. మనిషి గడ్డ మీద దాన్ని చూడాలంటే, మనిషి రక్తాన్ని పుట్టించే మామూలు మూలకణాలు (క్యాన్సర్‌వి కావు) ఎక్కించిన ఎలుకల్లాంటివి కావాలి. అవి కూడా మనిషికి పూర్తి నకలు కాదు.

ఆ పెద్దావిడ మళ్లీ కనిపిస్తే చెప్పేది ఇదే: అమ్మా, ఆ ఎలుకకి నిరోధక శక్తి ఉందా, ఎవరి గడ్డ పెట్టారు, ఎన్నాళ్లు చూశారు, కూర్చుని చదువుదాం. ఈలోగా అయ్యగారి కీమో మాత్రం ఆపకండి. తర్వాతి డేట్ ఎప్పుడిచ్చారు?