బూట్లలో ఇసుక

సభకు నమస్కారం. ముందు వరుసలో ఉన్న మాజీ సైనికులకు, వారి కుటుంబాలకు మరోసారి నమస్కారం.

కొన్నేళ్ల క్రితం ఇలాంటి క్రిస్మస్ సభలోనే సైనికుల మీద ఒక కవిత చదివాను. పన్నెండు పాదాల్లో నాలుగుసార్లు 'వీరుడా' అన్నాను. చప్పట్లు గట్టిగానే మోగాయి. వేదిక దిగాక, పాతికేళ్లు సర్వీసు చేసిన ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "బాగుందండీ, ఇంతకీ ఎవరి గురించి రాశారు?" అన్నారు. అందులో వెటకారమేమీ లేదు, నిజంగా తెలియకే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

1986లో జేమ్స్ ష్మిట్ అనే అమెరికన్ మెరీన్, అంటే మెరీన్ కోర్ అనే దళంలోని సైనికుడు, ఒక క్రిస్మస్ కవిత రాశాడు. శాంతా క్లాజ్ ఒక ఇంట్లోకి దిగుతాడు. చెట్టు లేదు, కానుకలు లేవు. కానుకల కోసం మేజోడు వేలాడాల్సిన చోట ఇసుక నిండిన బూట్లున్నాయి. ఆ ఇంటి మనిషి నేల మీద ముడుచుకుని నిద్రపోతున్నాడు. తర్వాత కవితలో పొగడ్త చాలానే ఉంది కానీ, నన్ను పట్టుకున్నవి ఆ బూట్లే. ఎక్కడి ఇసుకో కవి చెప్పకపోయినా, దూరం తెలిసిపోతుంది. విచిత్రమేమిటంటే, ఈ కవిత చేతులు మారుతూ మారుతూ కవి పేరును పోగొట్టుకుంది. 'మెరీన్' పోయి 'సైనికుడు' వచ్చాడు. గౌరవించాలని పంచుకున్నవాళ్లే రాసినవాణ్ణి మరిచిపోయారు.

ఇంకో సంగతి. అమెరికా అంతర్యుద్ధ కాలంలో కవి లాంగ్‌ఫెలో పెద్దకొడుకు చార్లెస్ తండ్రికి చెప్పకుండా సైన్యంలో చేరాడు. 1863 నవంబరులో వర్జీనియాలో తూటా తగిలింది. తండ్రి వాషింగ్టన్ వెళ్లి ఇంటికి తెచ్చుకున్నాడు. అంతకు రెండేళ్ల ముందే ఆయన భార్య మంటల్లో కాలి చనిపోయింది. ఆ మనిషి రాసిన క్రిస్మస్ గంటల కవితలో ఫిరంగుల మోత గంటల పాటను మింగేస్తుంది, కవి తల వంచుకుంటాడు. ఆ తర్వాతే గంటలు మరింత గట్టిగా మోగుతాయి. ఇప్పుడు దాన్ని పాటగా పాడేవాళ్లు చాలామంది ఆ యుద్ధపు చరణాలు వదిలేస్తారు. పండగ పూట ఫిరంగులెందుకు అనుకుంటారేమో. ఫిరంగులు తీసేశాక ఆ తల ఎందుకు వంగిందో వినేవాడికెలా తెలుస్తుంది? నాకైతే అది గాయం దాచి కట్టు మాత్రం చూపించినట్టుంటుంది.

సరే, పెద్దాయన దగ్గరికి వద్దాం. ఆ మర్నాడే ఫోను చేసి, సర్వీసులో ఉండగా ఏ క్రిస్మస్ గుర్తుందని అడిగాను. యుద్ధం గురించి చెబుతారనుకున్నాను. ఆయన చెప్పింది ఒక కాపలా డ్యూటీ గురించి. తోటివాడికి చంటిబిడ్డ. ఇంటికి ఫోను చేయడానికి అతను వరుసలో నిలబడితే, అతని వంతు రెండు గంటలూ ఈయనే కాశారట.

"చలి బాగా వేసిందా?" అన్నాను.

కాసేపు ఆలోచించి, "గ్లవ్స్ ఉన్నాయి లెండి" అన్నారు.

నేను తెచ్చిన కవిత ఆ గ్లవ్స్ దగ్గరే మొదలవుతుంది. చదువుతాను.