మోటారు నడుస్తుండగా కొలవండి

వేదిక మీది పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు, పిల్లలకు నమస్కారం. జాతీయ సైన్స్ దినోత్సవం కాబట్టి రామన్ గారి గురించి చెప్పమన్నారు. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ కనుగొన్న విశేషాన్ని ముందు మాట్లాడినవారు చక్కగా వివరించారు. నేను పదో తరగతి పుస్తకంలోని, కరెంటు ప్రవాహాన్ని అడ్డుకునే నిరోధాల పాఠం దగ్గరికి వెళ్తాను. ఆ పాఠం పట్టకపోతే ఈ అనంతపురం జిల్లాలో ఎంత నష్టమో కళ్లారా చూసినవాణ్ని.

12 వోల్టుల బ్యాటరీకి 2 ఓమ్‌ల నిరోధాన్నీ 4 ఓమ్‌ల నిరోధాన్నీ శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా కలిపాం. మొత్తం 6 ఓమ్‌లు, ప్రవాహం 2 ఆంపియర్లు. మొదటి నిరోధం దాటాక ప్రవాహం ఎంత? చూశారా, తగ్గుతుందని చాలామంది అంటున్నారు! తగ్గదు పిల్లలూ. రెండింటిలోనూ అవే 2 ఆంపియర్లు. పంచుకునేది వోల్టేజిని: ఒకదానిపై 4, రెండోదానిపై 8. అవే సమాంతరంగా, అంటే రెండింటినీ విడివిడిగా బ్యాటరీ రెండు కొసలకూ కలిపితే రెండింటిపైనా 12 వోల్టులే. ప్రవాహం 6, 3 ఆంపియర్లుగా చీలుతుంది. జర్మన్ శాస్త్రవేత్త కిర్చాఫ్ 1845లో ఈ నియమాలను చెప్పేనాటికి ఇంకా విద్యార్థే.

సమాంతర సంధానం గురించి ఇంకా చెప్పాలనుకున్నాను. కానీ మా బంధువుల చీనీ (బత్తాయి) తోట సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. అక్కడ బోరు మోటారు వైండింగు, అంటే లోపలి తీగచుట్ట, పదేపదే కాలేది. ఫిర్యాదు చేస్తే ఒకాయన వచ్చి, మోటారు ఆపి ఉండగా మీటరు పెట్టి, వోల్టేజి బాగానే ఉంది, మోటారే నాసిరకం అని తేల్చి వెళ్లిపోయారు. ఆ వేసవిలో కాపుకొచ్చిన చెట్లు ఎండిపోయాయి. ఆ కోపం నాకు ఇప్పటికీ తీరలేదు.

మోటారు ఆగి ఉంటే తీగలో ప్రవాహం సున్నా. ప్రవాహమే లేనప్పుడు తీగ నిరోధం ఎంతైనా దానిలో పోయే వోల్టేజి సున్నాయే. అందుకే మీటరు నిండుగా చూపింది. పుస్తకంలో గీసిన తీగకు నిరోధం ఉండదు, పొలంలో ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి బోరు దాకా పోయి వచ్చే తీగ, మోటారుతో శ్రేణిలో ఉన్న నిరోధమే. తీగ 2 ఓమ్‌లు, ప్రవాహం 10 ఆంపియర్లు అనుకోండి. 20 వోల్టులు దారిలోనే పోయాయి. 230లో మిగిలింది 210. తీగలో 200 వాట్లు ఉత్త వేడి. తుప్పుపట్టిన అతుకు ఒక్కటి అర ఓమ్ ఉంటే మరో 5 వోల్టులు పోతాయి. పైగా మోటారు ఉత్త నిరోధం కాదు. వోల్టేజి తగ్గితే, అదే నీటిని ఎత్తడానికి ఎక్కువ ప్రవాహం లాగుతుంది. దాంతో తీగలో నష్టం ఇంకా పెరుగుతుంది, వైండింగు వేడెక్కి మాడుతుంది.

పిల్లలూ, స్టార్టరు పెట్టె మీరు తెరవకండి. కొలవడానికి వచ్చినవారిని మాత్రం అడగండి: అయ్యా, మోటారు వేసి కొలవండి, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒకసారి, బోరు దగ్గర ఒకసారి. ఆ రెండు అంకెల తేడాయే జబ్బు ఎక్కడుందో చెబుతుంది.

ఉపాధ్యాయులకు ఒక్క మనవి. నిరోధం కొలతకు తన పేరొచ్చిన ఓమ్, జర్మనీలోని కొలోన్‌లో బడిపంతులు. బడి ప్రయోగశాలలోనే కొలతలు తీసి, 1827లో తన పుస్తకం ప్రచురించాడు. మన బడుల్లో ప్రవాహాన్ని కొలిచే అమ్మీటర్లు పగిలిపోతాయన్న భయంతో బీరువాలో ఉండిపోతున్నాయి. పగలనివ్వండి! సూత్రం కంఠస్థం చేసిన పిల్లవాడికి అమ్మీటరును శ్రేణిలో, వోల్టుమీటరును సమాంతరంగా ఎందుకు కలపాలో చేత్తో కలిపితేనే తెలుస్తుంది.

ఈ బల్ల మీద డ్రై సెల్లులు, నిరోధాలు, మీటర్లు ఉన్నాయి. ముందు లెక్క కాగితం మీద రాయండి, తర్వాత కొలవండి. మీటరు మీ లెక్కకన్నా కాస్త తక్కువ చూపుతుంది. సెల్లు లోపల కూడా ఒక నిరోధం దాగి ఉంది. అది ఎంతో కనిపెట్టడమే మీ పని. పదో తరగతి వాళ్లు ముందుగా రండి.