గులకరాళ్లలో బంగారం

శ్రోతలకు నమస్కారం.

దక్షిణాఫ్రికాలో విట్‌వాటర్స్‌రాండ్ అనే ప్రాంతం ఉంది. తెల్లని నీళ్ల గట్టు అని ఆ పేరుకు అర్థం. 1886లో అక్కడ బంగారం బయటపడింది. ఆ గనుల పక్కనే జోహన్నెస్‌బర్గ్ నగరం పుట్టింది. ఇప్పుడు కొన్ని గనులు దాదాపు నాలుగు కిలోమీటర్ల లోతుకు దిగాయి.

అక్కడి రాయి ముక్క ఒకటి చేతిలో ఉందనుకోండి. గోళీకాయంత, కోడిగుడ్డంత తెల్లటి పలుగురాళ్లు, నున్నగా అరిగినవి, బూడిదరంగు ఇసుకలో గట్టిగా అతుక్కుని ఉంటాయి. ఏటి ఒడ్డున మనం చూసే గులకరాళ్లే. కాకపోతే ఆ ఏరు దాదాపు 290 కోట్ల ఏళ్ల కిందటిది! బంగారం మాత్రం కంటికి ఆనేది తక్కువ.

నాకు బంగారం కంటే దాని పక్కనున్న పైరైట్ గింజలే ఎక్కువ ఇష్టం. పైరైట్ అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. లెన్సు పెట్టి చూస్తే కొన్ని గింజలకు అంచులు పదునుగా ఉంటాయి. అవి తర్వాత రాయిలోనే పెరిగినవి. కొన్ని గుండ్రంగా ఉంటాయి. అవి ఏటిలో దొర్లి వచ్చినవి. ఏటిలో దొర్లి వచ్చినవి! ఈ కాలపు ఏటిలో పైరైట్ పడితే గాలి, నీరు తగిలి తుప్పుగా మారిపోతుంది. అప్పుడు మారలేదు. అంటే ఆనాటి గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు.

మరి బంగారమూ అలాగే కొట్టుకొచ్చిందా? తర్వాత వేడినీళ్లు మోసుకొచ్చి పెట్టాయనే వాళ్లూ ఉన్నారు. 2002లో అక్కడి బంగారానికే వయసు కడితే సుమారు 303 కోట్ల ఏళ్లని తేలింది. తనను పట్టుకున్న గులకరాళ్ల పొర కంటే అదే పెద్దది. అందుకే నేను ఏటి వైపే మొగ్గుతాను. వేడినీళ్లు కొంత బంగారాన్ని కరిగించి అటూ ఇటూ జరిపి ఉండొచ్చు, అది వేరే మాట.

ఆ ఇసుక, గులకరాళ్లు ఏ కొండల నుంచి వచ్చాయో చెప్పేవి జిర్కాన్ గింజలు. జిర్కాన్ అంటే గ్రానైట్ లాంటి రాళ్లలో పుట్టే ఖనిజం. ఇసుక రేణువంత ఉంటాయి, సులువుగా అరగవు. లోపలి యురేనియం మెల్లగా సీసంగా మారుతుంది కాబట్టి వయసు లెక్క కట్టొచ్చు. ఆ వయసు గ్రానైట్ చుట్టుపక్కల ఎక్కడుందో వెతుకుతారు. ఒక్క గింజను నమ్మకూడదు, వందకు తక్కువ కాకుండా కొలవాలి. వాటిలో అన్నిటికంటే చిన్న వయసు గింజను తప్పక చూడాలి. గులకరాళ్ల పొర దానికంటే పాతది కావడానికి వీల్లేదు.