గుట్టలోంచి ఏరిన కొరియా కోటు

శ్రోతలందరికీ నమస్కారం.

మా చెల్లెలు ఫిలిప్పీన్స్‌లోని దవావో నగరంలో మెడిసిన్ చదివింది. మన రెండు రాష్ట్రాల నుంచి డాక్టరు చదువుకని ఆ ఊరు వెళ్లే పిల్లలు చాలామందే ఉన్నారు, కాబట్టి వింటున్న మీలో కొందరికి ఆ పేరు కొత్త కాదు. దాని చదువు పూర్తయ్యే ముందు నేను వెళ్లాను. ఇద్దరం మనీలా చూసుకుని, అక్కడినుంచి బస్సెక్కి బగియో అనే కొండ ఊరికి పోయాం. ఐదు వేల అడుగుల ఎత్తు. కింద మనీలాలో చెమటలు కారిన మాకు పైన స్వెట్టర్లు కావాల్సి వచ్చాయి.

బగియోలో హారిసన్ రోడ్డు మీద రాత్రి తొమ్మిదయ్యాక వాహనాలు ఆపేసి బజారు పెడతారు. టార్పాలిన్ పరిచి, దాని మీద సెకండ్ హ్యాండ్ బట్టలు గుట్టలుగా పోస్తారు. ఈ పాత బట్టల వ్యాపారాన్ని అక్కడ ఉకాయ్ ఉకాయ్ అంటారు. కెలికి వెతకడం అని అర్థం. నిజానికి పాత బట్టల్ని అమ్మకానికి దిగుమతి చేసుకోకూడదని 1966 నుంచీ అక్కడ చట్టం ఉంది. అయినా ఉకాయ్ కొట్టు లేని ఊరు దాదాపు ఉండదు.

ఒక గుట్ట దగ్గర కాలేజీ వయసు అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతోంది. అడుగునుంచి ఒక పొడుగు కోటు లాగింది. గోధుమ రంగు, ఒక గుండీ ఊడిపోయి ఉంది. ముందు రంగు చూడలేదు, కుట్టు చూడలేదు. కాలరు వెనక్కి తిప్పి లేబుల్ చూసింది. దాని మీద కొరియా అక్షరాలు! పక్కనే సంచీ పట్టుకుని నిలబడ్డ వాళ్లమ్మకు ఆ లేబుల్ చూపించింది. ఆ తల్లి ముఖం వెలిగిపోయింది. నాకు ఆశ్చర్యం అనిపించింది అక్కడే. కొరియా మీద ఈ మోజు కుర్రకారుదే అనుకుంటాం కదా మనం.

మా చెల్లెలికి వాళ్ల భాష వచ్చు కాబట్టి ఆ తల్లితో మాట కలిపింది. ఆవిడ చెప్పిన సంగతి 2003 నాటిది. అంతకుముందు ఫిలిప్పీన్స్ టీవీలో మెక్సికో సీరియళ్ల రాజ్యం నడిచేది. 2003లో జీఎమ్ఏ అనే చానెల్ ఒక కొరియా సీరియల్‌ని అక్కడి తగలోగ్ భాషలోకి డబ్ చేసి వేసింది. ఆసుపత్రిలో తారుమారైన పిల్లలు, అన్నాచెల్లెళ్లలా పెరిగి ప్రేమించుకున్న ఇద్దరు, చివరికి చావు. ఆ జంట పేర్లు జనం నోట తిరగాలని జానీ, జెన్నీ అని మార్చేశారు. ఆవిడ ఇప్పటికీ ఆ పేర్లతోనే చెబుతుంది. సాయంత్రమైతే వీధిలో టీవీ ఉన్న ఇంటికి అందరూ చేరి ఏడ్చేవాళ్లమని నవ్వుతూ చెప్పింది. తర్వాత అదే కథను 2010లో వాళ్ల నటీనటులతో మళ్లీ తీసుకున్నారు కూడా.

ఆ డబ్బింగు చేసిన మేలు నా దృష్టిలో చాలా పెద్దది. సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూస్తే అది పరాయి ఇల్లు. మన మాటలో వినిపిస్తే అది పక్కింటి గొడవ. పైగా వినిపించిన ఆ గొడవ వాళ్లకు బాగా తెలిసినదే. ఫిలిప్పీన్స్‌లో పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు, మనం ‘అండి’ చేర్చినట్టే, ‘పో’ అని చేరుస్తారు. పెద్దవాళ్ల చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంటారు. కొరియా సీరియల్‌లో కొడుకు తల్లి ముందు తల వంచడం, అత్త ముందు కోడలు నోరు మెదపలేకపోవడం, ఇంటికోసం పెద్దపిల్ల చదువు మానేయడం, ఇవేవీ వాళ్లకు విప్పి చెప్పక్కర్లేదు. మనకూ చెప్పక్కర్లేదు. ముసలావిడ ఉన్నట్టుండి పడుచుపిల్ల అయిపోయే ఒక కొరియా సినిమా 2014లో వచ్చింది. దాన్ని 2018లో ఫిలిప్పీన్స్‌లో తీశారు, 2019లో మన తెలుగులో ‘ఓ బేబీ’గా తీశారు. ఆ బామ్మ మూడు దేశాల్లోనూ ఇమిడిపోయింది.

ఇంకో సంగతి. కొరియాకీ ఫిలిప్పీన్స్‌కీ మధ్య తెర మీద చుట్టరికం ఒక్కటే కాదు, మనుషుల రాకపోకలూ ఎక్కువే. ఇంగ్లీషు నేర్చుకోవడానికి కొరియా విద్యార్థులు బగియోకీ, సెబూ అనే ఇంకో ఊరికీ వస్తారు. 2019లో ఫిలిప్పీన్స్‌కి వచ్చిన కొరియన్లు దాదాపు 20 లక్షల మంది. ఇటునుంచి 2004లో కుదిరిన ఒప్పందం కింద ఫిలిప్పీన్స్ కార్మికులు కొరియా ఫ్యాక్టరీలకు వెళ్తున్నారు. ఆదివారం సియోల్‌లోని హ్యెహ్వా చర్చిలో తగలోగ్‌లో పూజ జరుగుతుంది, బయట వాళ్ల వంటకాల సంత కూడుతుంది. ఆ కార్మికులు ఇంటికి పంపే పెద్ద అట్టపెట్టెలో క్రీములు, నూడుల్స్, చొక్కాలు ఉంటాయి. అలాంటి పెట్టె వచ్చిన ఇంట్లో కొరియా అంటే టీవీలో కనిపించే దేశం మాత్రమే కాదు, నాన్న పనిచేసే చోటు.

శాండరా పార్క్ కథ కూడా చెప్పాలి. కొరియాలోని బుసాన్‌లో పుట్టి, చిన్నప్పుడే కుటుంబంతో ఫిలిప్పీన్స్ వచ్చి, అక్కడే చదువుకుంది. 2004లో ఒక టీవీ పోటీలో రెండో స్థానంలో నిలిచి ఇంటింటి పిల్ల అయింది. తర్వాత కొరియా తిరిగి వెళ్లి 2009లో 2ఎన్ఈ1 అనే అమ్మాయిల పాటల బృందంతో స్టార్ అయింది. ఇప్పటికీ ఫిలిప్పీన్స్ జనం ఆమెను మా పిల్ల అనే అంటారు.

ఇక బట్టల సంగతి. బెంచ్ అని 1987లో మొదలైన వాళ్ల సొంత బ్రాండు ఒకటుంది. అది 2012లో కొరియా నటుడు లీ మిన్ హోని ప్రచారానికి తెచ్చుకుంది. ముఖం కొరియాది, చొక్కా మాత్రం స్వదేశానిది. వీధిలో పిల్లలు కొరియా తరహాలో వేసుకునేవి చూస్తే వదులు చొక్కా, నడుము పైకి ఉండే ప్యాంటు, మడతల స్కర్టు, లేత రంగులు. అందులో ఖరీదైనది ఏదీ ఉండక్కర్లేదు. ఏది దేని మీద వేయాలో తెలిస్తే చాలు. చేతిలో డబ్బు తక్కువున్న పిల్లలకు ఇంతకంటే మంచి ఫ్యాషన్ ఏముంటుంది? మనీలా ఎండకు కోట్లు పనికిరావు కాబట్టి టీషర్టు మీద పల్చని చొక్కా గుండీలు పెట్టకుండా వదిలేసి దాన్నే కోటు చేసుకున్నారు. ఆ తెలివి నాకు ఎంతో నచ్చింది.

నాకు బాధ కలిగించింది మాత్రం క్రీముల వరస. అద్దంలాంటి చర్మం అని కొరియా ప్రకటన చెబుతుంది, చామనఛాయ పిల్ల అది చూసి తెల్లబడాలి అనుకుంటుంది. ఈ తెల్లదనం మోజు కొరియా తెచ్చిపెట్టింది కాదు. అంతకుముందునుంచే అక్కడ బొప్పాయి సబ్బులు అమ్ముడుపోతున్నాయి. మన ఇళ్లలో పెళ్లిచూపుల మాటలు తెలిసిన నాకు వాళ్లను తప్పుపట్టే హక్కు లేదు. కానీ 2020 సెప్టెంబరులో ఒక టాటూ మీద మొదలైన ఆన్‌లైన్ గొడవలో కొందరు కొరియన్లు ఫిలిప్పీన్స్ జనాన్ని పేదరికం గురించీ, రంగు గురించీ ఎగతాళి చేశారు. ఇన్నేళ్లు ప్రేమించినవాళ్ల నుంచి ఆ మాట వస్తే ఎంత గుచ్చుకుంటుందో ఆలోచించండి. క్షమించమని అడిగిన కొరియన్లూ చాలామంది ఉన్నారు. ఆ మాట కూడా చెప్పాలి.

2022 అక్టోబరులో ఒక సెనేటర్, కొరియా సీరియళ్ల వల్ల మన కళాకారులకు పని పోతోంది, వాటిని నిషేధిస్తే ఎలా ఉంటుంది అన్నారు. జనం మండిపడ్డాక, విసుగులో అన్నానని వివరణ ఇచ్చుకున్నారు. ఆయన దిగులులో న్యాయం ఉంది, కానీ నిషేధం దానికి మందు కాదు. అప్పటికే వాళ్ల పిల్లలు వేరే దారి పట్టారు.

ఎస్‌బీ19 అని పాడుతూ డాన్సు చేసే ఐదుగురు కుర్రాళ్ల బృందం ఉంది. కొరియా కంపెనీ ఒకటి ఫిలిప్పీన్స్‌లోనే వాళ్లకు కొరియా పద్ధతిలో శిక్షణ ఇచ్చి 2018 అక్టోబరులో రంగంలోకి దింపింది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. మానేద్దామా అనుకునే దశలో, 2019లో వాళ్ల డాన్సు ప్రాక్టీసు వీడియో ఒకటి అభిమాని పెట్టిన పోస్టుతో చేతులు మారి మారి దేశమంతా చేరింది. 2021లో బిల్‌బోర్డ్ మ్యూజిక్ అవార్డుల నామినేషన్ దాకా వెళ్లారు, ఫిలిప్పీన్స్ నుంచి మొదటిసారిగా. ఆ వెనకే బిని అని ఎనిమిదిమంది అమ్మాయిలు వచ్చారు. అడుగులు వేసే పద్ధతి కొరియాదే కావచ్చు, పాట తగలోగ్‌లో ఉంది. పదేళ్ల పిల్ల అర్థం తెలియని కొరియా మాటలు బట్టీపట్టి పాడడం వేరు, అమ్మ వాడే మాటల్లో పాడడం వేరు.

మళ్లీ ఆ కోటు దగ్గరికి వస్తాను. అమ్మాయి ఎంతసేపు బేరం చేసిందంటే మా కాళ్లు నొప్పి పుట్టాయి. చివరికి కొని, వాళ్లమ్మకి తొడిగింది. చేతులు పొడుగయ్యాయి. రోడ్డు మధ్యలోనే నిలబెట్టి రెండు చేతులూ జాగ్రత్తగా మడిచింది. ఊడిన గుండీ ఇంటికెళ్లి కుట్టుకుంటామని ఆవిడ మాకు చెప్పింది.

మర్నాడు మనీలా బస్సులో ఎస్‌బీ19 పాట ఒకటి వచ్చింది. పేరు ‘మాపా’. మా, పా, అంటే అమ్మా, నాన్నా. టిక్కెట్లు కొట్టే నడివయసు కండక్టరు కూడా పల్లవి అందుకున్నాడు. ఏమంటున్నారు అని చెల్లెల్ని అడిగాను. అది కిటికీ వైపు తిరిగి, ‘‘ఇక మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి, నేను చూసుకుంటాను అంటున్నారక్కా’’ అంది. ఆ సంవత్సరం దాని ఫీజు కోసం నాన్న పొలం తాకట్టు పెట్టారు. ఆ తర్వాత ఊరొచ్చేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

నమస్కారం.